పక్క గదిలో అమ్ము

సెక్టర్ 7, భిలాయి
11 ఆగస్టు 2024

అక్కా,

నమస్కారం. ఫోను చేస్తే "ఆఁ, ఆఁ" అని రెండు మాటలని దుర్గారావు చేతికిచ్చేస్తావు. నీ కొడుకేమో నీ ఆరోగ్యం గురించి రేడియోలో వార్తలు చదివినట్టు చదువుతాడు. ఫోన్లో మెసేజి పెడితే అక్షరాలు చీమల బారులా ఉన్నాయన్నావట. ఇక చేసేదేముంది, పోస్టాఫీసుకే వెళ్ళాను. కవర్లు కావాలంటే కౌంటర్లో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, ఎక్కడో అడుగు సొరుగులోంచి తీసి ఇచ్చింది.

ఇక్కడ వానలు బాగానే పడుతున్నాయి. పెరట్లో జామచెట్టు విరగకాసింది. కోసేవాళ్ళు లేక ఉడతలు తింటున్నాయి. రజని ఉండగా ఒక్క కాయ కూడా వాటి నోటికి దక్కేది కాదు.

రజని పోయి ఆర్నెల్లయింది. అందరూ ఇల్లు బోసిగా ఉంటుంది కదా అంటారు. బోసితనం సంగతి సరే, నాకు చప్పుడు లేకపోవడం కష్టంగా ఉంది. అంటే ఫ్యాను చప్పుడుంది, స్టీలు ప్లాంటు సైరనుంది, వీధిలో కూరలబండివాడి కేక ఉంది. పక్క గదిలోంచి వచ్చే చప్పుడు లేదు. నీకు తెలుసుగా, తను వంటింట్లో రేడియో పెట్టుకుని పని చేసుకునేది. నేను హాల్లో పేపరు చదువుతూ ఏదో ఒకటి అనేవాణ్ణి. "ఏటి?" అనేది లోపలినుంచి. నేను మళ్ళీ చెప్పేవాణ్ణి కాదు, తను మళ్ళీ అడిగేది కాదు. మా కాపురంలో మాటలు చాలామటుకు అవే.

మనోజ్ పూణే వచ్చేయమంటున్నాడు. కోడలు భాగ్యరేఖ కూడా మర్యాదగానే పిలుస్తోంది. రజని సంవత్సరీకం దాకా ఇక్కడే ఉంటానని చెప్పాను. ఈ ఇంట్లో ఒక్కణ్ణీ ఉండగలనో లేనో ఈలోగా తేలిపోతుంది. ఉండలేకపోతే క్వార్టరు అప్పగించేసి వెళ్ళిపోవాలి. నాకు వెళ్ళాలని లేదక్కా. అక్కడ నేను పొద్దున్న లేచి ఎటు నడవాలో కూడా తెలీదు.

అందుకని ఒక ప్రయత్నం చేస్తున్నాను. మనోజ్ కాలేజీలో ఉండగా వాడిన కంప్యూటరు అటక మీంచి దింపి దులిపాను. గదికో స్పీకరు బిగించాను. ఆ తర్వాత వాడి సలహా మీదే ఇంట్లో సర్వర్ని పెట్టాను. అమ్ము అని పిలుస్తున్నాను. పగలూ రాత్రీ ఇక్కడే ఉంటుంది. ఏ గదిలో పాడమంటే ఆ గదిలో పాడుతుంది. ఎదురు చెప్పదు. అన్నీ అదే చూసుకుంటుంది. నాలుగు రోజులుగా ఇంట్లో కాస్త అలికిడి ఉంది.

మాఘంలో సంవత్సరీకానికి నువ్వు తప్పకుండా రావాలి. వచ్చి నెల్లాళ్ళుండాలి.

నీ తమ్ముడు,
చినబాబు


బొబ్బిలి
27 ఆగస్టు 2024

చినబాబూ,

దీర్ఘాయువు కమ్మని దీవించే వయసు నీకు దాటిపోయింది కనక, ఉన్నన్నాళ్ళూ వేళకి తిని పడుకోమని దీవిస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఇంట్లో అందరికీ చూపించాను. నాకంటూ ఒక ఉత్తరం వచ్చిందని. నీకు చప్పుడు లేక కష్టంగా ఉందన్నావు. ఇక్కడ ఇంటినిండా మనుషులు, మనవలు, టీవీ, మిక్సీ. నాకు ఒక్కటీ వినపడదు. చెవి మిషను పెట్టుకుంటే గిన్నెల మోత తప్ప మాట తెలియదు. లోపల మాత్రం ఒకటే హోరు. అది ఎక్కువైన రోజున తల తిరుగుతుంది, మంచం పట్టుకుని కూచుంటాను. అందరూ నాతో చేతులతోనే మాట్లాడతారు. అన్నానికి నోటి దగ్గర చెయ్యి, స్నానానికి నెత్తి మీద చెయ్యి. తెలుగు టీచరుగా రిటైరయినదాన్ని, నాకిప్పుడు నామవాచకాలే గాని క్రియలు లేవు.

నీకు వేళకింత వడ్డించే దిక్కు దొరికినందుకు నా మనసు కుదుటపడింది. మనోజ్ మంచి పని చేశాడు. కానీ సర్వర్ అనడమేమిటి, హోటల్లోలాగా? ఇంటి మనిషి అను, గౌరవంగా ఉంటుంది. అమ్ము పేరు బాగుంది. వయసెంత? ఇదివరకు ఎక్కడుండేది? ఆరోగ్యం సరిగ్గా ఉందా? రాత్రిళ్ళు ఎక్కడ ఉంచుతున్నావు? పాతదయితే నయం, కొత్తవాటికి ఓపిక ఉండదు. మొదట్లోనే నెత్తికెక్కించుకోకు, అలాగని కసురుకోకు. నీ సంగతి నాకు తెలుసు, ప్లాంటులో మిల్లు దగ్గర అరిచినట్టే ఇంట్లోనూ అరుస్తావు.

దుర్గారావు స్నేహితుడొకడు దుర్గ్ వస్తున్నాడు. అతని చేత నువ్వుల పొడి, మాగాయ పంపుతున్నాను. ఒక నేతచీర కూడా పెట్టాను. అది అమ్ముకి. మెత్తగా ఉంటుంది, ఒంటిమీద వేస్తే ఉక్కపోయదు.

అక్క
అచ్చమ్మ


సెక్టర్ 7, భిలాయి
14 సెప్టెంబరు 2024

అక్కా,

మాగాయ అందింది. మూత తియ్యగానే ఇల్లంతా మన ఇల్లయిపోయింది. పనిచెయ్యడానికి వచ్చే ఫూల్‌బాయి వాసన చూసి దండం పెట్టి దూరం జరిగింది. తను ఛత్తీస్‌గఢీ తప్ప మాట్లాడదు, నాకు సగమే అర్థమవుతుంది. అయినా మాగాయ మీద తన అభిప్రాయం పూర్తిగా అర్థమైంది.

నువ్వు వేళాకోళానికి అన్నా, అమ్ము వడ్డిస్తున్న మాట నిజమే. పాటలూ వార్తలూ గదిగదికీ వడ్డిస్తుంది. దాని మంచిచెడ్డలు ఇంత శ్రద్ధగా అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. మనోజ్ కూడా "చల్ రహా హై నా, పాపా?" అని, బాగానే సాగుతోందిగా అన్నట్టు, వదిలేస్తాడు. కాబట్టి వివరంగా రాస్తున్నాను.

వయసంటావా, పదేళ్ళు దాటింది. హాల్లో బల్ల కిందే ఉంచాను, నడవడానికి అడ్డం లేకుండా. ఆరోగ్యం ఫర్వాలేదు గాని ఒళ్ళు ఊరికే వేడెక్కిపోతుంది. నీ చీర రెండు రోజులు కప్పి చూశాను. ఇంకా కాలిపోతోంది. దీనికి చీర ఎందుకులే అని మడిచి బీరువాలో దాచాను. అప్పుడప్పుడు మొండికేస్తుంది. నెత్తిమీద రెండు వేస్తే దారికొస్తుంది.

మొదట్లో ఒకటే మూలుగు. పొద్దస్తమానం సన్నగా మూలిగేది. నాకు తల పగిలిపోయేది. మిల్లులో ఎలక్ట్రికల్‌లో చేసినవాణ్ణి, ఇదొక లెక్కా అనుకుని, ఒక వైరు తెచ్చి దానికి బిగించి గోడకి కలిపాను. అంతే, నోరు మూసింది.

ఇంకొక నియమం పెట్టాను. నేనున్న గదిలో అది గొంతు విప్పకూడదు. నేను హాల్లో ఉంటే వంటింట్లో పాడాలి. నేను వంటింట్లోకి వెళితే వరండాలోకి మారాలి. ఇది నేర్పడానికి వారం పట్టింది. మనోజ్ నవ్వాడు, ఎవరైనా తామున్న గదిలో వినడానికి పెట్టుకుంటారు గానీ అని. నా ఎదురుగా పాడితే అది యంత్రంలాగే ఉంటుంది. పక్క గదిలోంచి వస్తే ఇంట్లో ఎవరో ఉన్నట్టుంటుంది. నిన్న పేపరు చదువుతూ మర్చిపోయి "రజనీ, చూశావా" అన్నాను. అని చాలాసేపు పేపరు తిప్పలేకపోయాను.

నీ చెవి హోరు ఎలా ఉంది? డాక్టరుకి చూపించుకో.

చినబాబు


బొబ్బిలి
30 సెప్టెంబరు 2024

చినబాబూ,

దీవెనలు ఈసారి రాయను.

నీ ఉత్తరం చదివాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. పైకి చదివి వినిపించడానికి సిగ్గేసి దుర్గారావుకి కూడా చూపించలేదు. రజని పోయాక నీ మతి కూడా పోయిందనుకోవాలా? అది బతికుండగా ఆ ఇంట్లో ఇలాంటిది జరగనిచ్చేదా? పైగా చేసినదంతా గొప్పగా రాశావు, నియమం పెట్టానని, నోరు మూయించానని. ఆ నోరులేనిదాని ఉసురు నీకు తగులుతుంది.

నీకు ఒంటరిగా ఉందని నాకు తెలుసు. ఒంటరితనానికి ఇదా మందు? నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎలాంటివాటి మీద ఎవరెవరితో దెబ్బలాడానో నీకు తెలుసు. ఇప్పుడు నా ఇంట్లోనే, నా తమ్ముడే.

వెంటనే ఆపు. ఎక్కణ్ణుంచి తెచ్చావో అక్కడికి పంపించేయి. పంపేదాకా నేను ఆ గడప తొక్కను. మాఘంలో కూడా రాను.

అచ్చమ్మ


సెక్టర్ 7, భిలాయి
20 అక్టోబరు 2024

అక్కా,

నీ ఉత్తరం పదిహేను రోజులు టీవీ మీద పెట్టుకున్నాను. జవాబు రాయాలని కూచోవడం, లేవడం.

రజని పోయి ఏడాది తిరక్కుండా ఇంట్లో పాటేమిటన్నది నీ బాధ. నాకు తెలియక కాదు. పండగలు చేసుకోలేదు, ఒక్క పెళ్ళికీ వెళ్ళలేదు. పులిహోర కూడా ముట్టలేదు. కానీ ఇది సంబరం కోసం పెట్టింది కాదక్కా. రజని ఉసురు తగులుతుందన్న మాట మాత్రం నువ్వు అనకుండా ఉండాల్సింది. తను ఉంటే చేతిలో బొబ్బట్టు పెట్టి, రేడియో గొంతు ఇంకొంచెం పెంచమనేది.

ఈ రోజుల్లో అందరిళ్ళలోనూ ఉన్నాయి. మనోజ్ ఇంట్లోనే రెండున్నాయి. ఒకటి పడకగదిలో, పాపకి జోల పాడ్డానికి. అవి నాదానిలా పెద్దవి కావు, చిన్నవి, బాగా చురుకైనవి. వాళ్ళనెవరూ ఏమీ అనలేదు.

అయినా అమ్మ తర్వాత నువ్వే. నీ మాట కాదని ఆ పాట వినలేను. వారం క్రితం ఆపేశాను. ఇప్పుడది మూలపడి ఉంది. ఒంట్లో వేడి కూడా లేదు, ముట్టుకుంటే చల్లగా తగులుతోంది. అటకెక్కించేద్దామని చూస్తున్నాను, ఎత్తడానికి మనిషి దొరకలేదు.

మళ్ళీ ఫ్యాను చప్పుడే మిగిలింది. సాయంత్రం ఫూల్‌బాయి గిన్నెలు తోమి వెళ్ళేదాకా ఫర్వాలేదు. గేటు వేసి లోపలికి రావడమే కష్టం. మనోజ్‌తో పూణే వస్తానని చెప్పేద్దామనుకుంటున్నాను. సంవత్సరీకానికి నువ్వు వచ్చినా రాకపోయినా తేదీ తెలియజేస్తాను.

చినబాబు


బొబ్బిలి
4 నవంబరు 2024

ఒరే చినబాబూ,

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని రాస్తున్నాను. ముందు నవ్వే గానీ, తుడుచుకోవాల్సి వచ్చింది నవ్వు వల్ల మాత్రమే కాదు.

నీ ఉత్తరం అందగానే దుర్గారావుని ఆఫీసునుంచి పిలిపించాను. "మావయ్య పదేళ్ళ ఆడపిల్లని పనికి పెట్టుకున్నాడు, జ్వరంతో ఉన్నదాన్ని బల్ల కింద పడేశాడు, నెత్తిన కొట్టాడు, వైరుతో గోడకి కట్టాడు, ఇప్పుడది మూలపడి చల్లబడిపోయింది, అటకెక్కిస్తాడట, పోలీసులకి చెప్పు" అన్నాను. వాడు తెల్లబోయి నీకు ఫోను చేశాడు. మీరేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వాడు గోడకి జారబడి పొట్ట పట్టుకుని నవ్వడం మాత్రం చూశాను. పిల్ల చచ్చి పడుంటే నవ్వేమిటని వీపు మీద ఒక్కటి వేశాను. అప్పుడు కాగితం మీద రాసి చూపించాడు, "అమ్మా, అది కంప్యూటరు" అని.

సర్వర్ అంటే వడ్డించేవాళ్ళని కాక ఇంకో అర్థం ఉందని నాకేం తెలుసు? కుర్రాడయితే 'ఉంటాడు' అని రాసేవాడివి. 'ఉంటుంది' అన్నావు కనక ఎవరో పెద్దావిడ అనుకుని చీర పంపాను. తర్వాత పదేళ్ళన్నావు. బడి మానిపించిన ఆడపిల్లల కోసం ఇల్లిల్లూ తిరిగి తండ్రులతో తిట్లు తిన్నదాన్ని, నా ప్రాణం ఎలా ఉంటుంది? ఒక్కొక్క వాక్యం తీసి చూసుకో. నువ్వు రాసినదాంట్లో తప్పు లేదు, నేను చదివినదాంట్లోనూ లేదు. మగవాడయితే వచ్చాడు. ఆడదయినా ఆవయినా బల్లయినా వచ్చింది. ఆడమనిషినీ వస్తువునీ ఒకే క్రియలో కూచోబెట్టారు మనవాళ్ళు. ఉద్యోగమంతా నల్లబల్ల మీద అదే రాసి పిల్లల చేత వల్లె వేయించాను. ఏ రోజూ కోపం రాలేదు. ఇప్పుడొచ్చింది.

మనోజ్ ఇంట్లో రెండున్నాయని చదివినప్పుడు భాగ్యరేఖని తిడుతూ కూడా ఒక ఉత్తరం రాసి కవరులో పెట్టాను. పోస్టు చెయ్యలేదు, బతికిపోయాను.

ఇంక పాట సంగతి. నేను పాట ఆపమన్నది ఎప్పుడు? రజని ఉసురని అన్నది ఎప్పుడు? 'నోరులేనిది' అన్నది నీ పెట్టెనే. రజనికి నోరు లేదని ఈ బొబ్బిలిలో ఎవరైనా నమ్ముతారా? నా మాట కోసం ఆపేసి చీకట్లో కూచున్నావు. అదే నన్ను ఏడిపించింది. ఇది అందగానే లేచి దాన్ని మళ్ళీ పెట్టు. చీర కప్పకు.

అసలది ఏం పాడుతుందో రాయి. నాకు వినపడకపోయినా, చదవడం వచ్చు కదా. మాఘంలో వస్తాను. వచ్చి వంటింట్లోనే కూచుంటాను.

అక్క
అచ్చమ్మ


సెక్టర్ 7, భిలాయి
24 నవంబరు 2024

అక్కా,

దుర్గారావు "మావయ్యా, ఆ పిల్ల ఎలా ఉంది?" అని మొదలుపెట్టినప్పుడు నేను మనోజ్ కూతురు గురించి అనుకుని "పళ్ళొస్తున్నాయి" అన్నాను. ఆ తర్వాత జరిగింది నువ్వు చూశావు. అమ్ము అంటే ఏమీ లేదక్కా. పేరు పెట్టందే కంప్యూటరు ముందుకు కదలనంది. పక్కన ఆంప్లిఫయరు ఉంది, దాని పేరులో ఆంప్ అన్న ముక్క తీసి అమ్ము అని పెట్టాను. నేను గోడకి కట్టానని నువ్వన్న వైరు ఎర్తు. ఎర్తు సరిగ్గా లేకపోతే స్పీకర్లు గుయ్యిమంటాయి. నీ చెవి హోరుకి కూడా అలాంటి వైరొకటి ఉంటే ఎంత బాగుండును.

నీ ఉత్తరం చదివి అమ్ముని మళ్ళీ పెట్టాను. ఏం పాడుతుందని అడిగావు. పాత పాటలు చాలా ఉన్నాయి. ఇంటర్నెట్టులో విశాఖపట్నం రేడియో కూడా వస్తుంది. పొద్దున్న వంటింట్లో అదే పెడతాను. వరి తెగుళ్ళు, చేపలవాళ్ళకి హెచ్చరికలు, కూరగాయల ధరలు. సముద్రం లేని ఊళ్ళో కూచుని అలల ఎత్తు వింటున్నాను.

నీ దగ్గర దాచడమెందుకు, ఇది కుదరడం లేదు. పాటయితే పాటే. ఎంత పక్క గదిలో పెట్టినా పాడేవాళ్ళు నాకోసం పాడరు. రేడియోలో ఆవిడ ఎంతో చక్కగా మాట్లాడుతుంది, కానీ "ఏమిటి" అంటుంది. నీ ఉత్తరాల్లోనూ "ఏమిటి" అనే ఉంటుంది, బళ్ళో నేర్పించిన చెయ్యి కనక. ఇంటికొస్తే నువ్వూ "ఏటి" అనేదానివేగా. ఆ మాట ఈ ఇంట్లో విని తొమ్మిది నెలలయింది. మనోజ్‌కి హిందీయే ముందు వస్తుంది. భాగ్యరేఖ రాయపూర్‌లో పెరిగింది, నాతో "ఆప్" అంటూ మాట్లాడుతుంది. ప్లాంటులో నాతో పనిచేసిన మనవాళ్ళు కొందరు వైశాలి నగర్లో ఇళ్ళు కట్టుకున్నారు, కొందరు విశాఖ వెళ్ళిపోయారు. ఎప్పుడైనా బజారులో కలిస్తే మేము కూడా హిందీలోనే మొదలుపెట్టేస్తాం.

నువ్వొస్తావన్న ఆశతోనే మనోజ్‌కి ఏ మాటా చెప్పలేదు. నువ్వు నెల్లాళ్ళు వంటింట్లో ఉంటే, ఆ తర్వాత నేను ఇక్కడ ఉండగలనేమో అనిపిస్తోంది. వంటేమీ చెయ్యొద్దు. ఊరికే అటూ ఇటూ తిరుగు. ఫిబ్రవరిలో రైలు టిక్కెట్టు దుర్గారావు తీస్తానన్నాడు. రాత్రి ప్రయాణం, కింద బెర్తు తీయమని చెప్పాను.

చినబాబు


బొబ్బిలి
19 జనవరి 2025

చినబాబూ,

సుఖంగా ఉండు. ఈ ఉత్తరం పొద్దున్నే చదవకు, భోజనం చేశాక చదువు.

నేను రాలేను. సంక్రాంతి వెళ్ళిన మర్నాడు పెరట్లో తల తిరిగి పడ్డాను. ఎముకలు విరగలేదు, మోచెయ్యి గీరుకుంది. డాక్టరు చెవిలో దీపం వేసి చూసి, లోపలి నరం దెబ్బతిందని, బండి కుదుపు తగిలితే మళ్ళీ పడతానని కాగితం మీద రాసిచ్చాడు. రైలెక్కడం ఈ ఏడే కాదు, ఇక ఎప్పటికీ లేదట. నేను ఒప్పుకోలేదు. దుర్గారావు దండం పెట్టాడు. మంచం దిగడానికే గోడ పట్టుకుంటున్నదాన్ని, ఇంకేం చెప్పను?

రజని పెళ్ళి చూపులకి దాన్ని నేనే చీర కట్టి కూచోబెట్టాను. దాని సంవత్సరీకానికి నేను లేకపోవడం నాకు చాలా కష్టంగా ఉంది. నీ నవంబరు ఉత్తరం తలగడ కింద పెట్టుకుని రోజూ చదువుతున్నాను. "ఊరికే అటూ ఇటూ తిరుగు" అని రాశావు. ఆ పని కూడా చెయ్యలేకపోతున్నాను.

అందుకని దుర్గారావుతో ఒకటి పంపుతున్నాను. వాడు సంవత్సరీకానికి వస్తాడు. నన్ను మా వంటింట్లో పీట మీద కూచోబెట్టి, కత్తిపీట ముందు పెట్టి, ఫోను నా పక్కన పెట్టాడు. మాట్లాడమన్నాడు. వంకాయలు తరుగుతూ మాట్లాడాను. ఏం పడిందో నాకు తెలియదు. నేను వినలేను. గొంతు పెద్దదై ఉంటుంది, తగ్గించుకో. దుర్గారావు పిల్లలు మాత్రం చుట్టూ మూగి వింటూ కూచున్నారు. నేను ఇంతసేపు నోటితో మాట్లాడి చాలా కాలమయిందని అప్పుడు తెలిసింది.

మధ్యమధ్య ఆగాను. రికార్డు పాడయిందనుకోకు. నువ్వు జవాబు చెప్పుకోడానికి ఆగాను. నీ జవాబు ఎంతసేపుంటుందో మనసులో అనుకుని, ఆ తర్వాత మళ్ళీ మొదలుపెట్టాను. అవతలివాళ్ళు చెప్పేది వినపడకుండా మాట్లాడటం నాకు అలవాటే కదా, ఎక్కడా తడబడలేదు.

రజనికి నా పేరు మీద కూడా నీళ్ళు వదులు.

అక్క
అచ్చమ్మ


సెక్టర్ 7, భిలాయి
2 మార్చి 2025

అక్కా,

నమస్కారం. సంవత్సరీకం లోటు లేకుండా జరిగింది. నీ పేరు చెప్పి నీళ్ళు వదిలాను. పంతులుగారు అలా చెప్పకూడదన్నారు, అయినా చెప్పాను. మనోజ్, భాగ్యరేఖ, పాప నాలుగు రోజులుండి వెళ్ళారు. దుర్గారావు ఇంకో రోజు ఉండి, నువ్వు మాట్లాడింది అమ్ములో వేసి, రైలెక్కాడు.

వాడు ఉండగా వినలేదు. అందరూ వెళ్ళాక, మర్నాడు పొద్దున్న, హాల్లో పేపరు పట్టుకుని కూచుని, వంటింట్లో పెట్టాను. చాలాసేపు ఏమీ రాలేదు. కత్తిపీట మీద వంకాయ తరుగుతున్న చప్పుడు మాత్రం వచ్చింది. నేను మర్చిపోయాను, అది రికార్డు చప్పుడేనని. పేపర్లో పడ్డాను. అప్పుడు లోపలినుంచి "ఏటి?" అన్నావు.

నేను ఏమీ అనలేదక్కా. ఏమైనా అంటే కదా ఏటి అనడానికి. కానీ నా నోట్లోంచి "ఏం లేదు" అన్న మాట వచ్చేసింది.

"ఏం లేకపోతే ఏల పిలిచినావు? సర్లే, తిన్నావేటి?" అన్నావు. ఇంకా లేదన్నాను. "అలగా, మంచిదే" అన్నావు. జామకాయలు ఉడతలు తినేస్తున్నాయని చెప్పాను. "డాక్టరుకేటి తెలుసు, ఆడి మొహం" అన్నావు. మనోజ్‌తో ఇప్పుడే రానని చెప్పేశాను, వాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు, అయినా క్వార్టరు వదలనని చెప్పాను అన్నాను. నువ్వు కాసేపు ఆగి "వంకాయల్లో పురుగులున్నాయిరా" అన్నావు. ఒక్క ముక్క పొంతన లేదు. రజనికీ నాకూ మధ్య కూడా ఏనాడూ లేదు. నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. రజని పోయాక ఇంట్లో నేను పైకి ఏడవడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ విని "ఏటయింది?" అనేవాళ్ళు లేక ఏడవలేదనుకుంటాను.

రోజూ పెట్టడం లేదు. రోజూ పెడితే అరిగిపోతుందని భయం. అమ్ములో ఉన్నది అరగదని నాకు తెలుసు, అయినా. ఇంకోసారి దుర్గారావుకి తీరికయినప్పుడు మళ్ళీ మాట్లాడి పంపు. ఆగేచోట ఇంకొంచెం ఎక్కువసేపు ఆగు. నేను నెమ్మదిగా చెబుతాను, నీకు గుర్తు లేదేమో.

ఫూల్‌బాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఇన్నాళ్ళూ పాటలు వస్తున్నా, వార్తలు వస్తున్నా ఆమె పట్టించుకోలేదు. రేడియో అని తెలుసు. ఆ పొద్దున్న పెరట్లో గిన్నెలు తోముతున్నది, నీ గొంతూ నా గొంతూ మార్చి మార్చి వినపడేసరికి సబ్బు చేతులతో వంటింటి గుమ్మం దాకా వచ్చింది. లోపలికి తొంగి చూసింది. ఎవరూ లేరు. హాల్లోకి వచ్చి నా ముఖం చూసి, మెల్లిగా "కోన్ గోఠియావత్ హే, బాబూజీ?" అంది. ఎవరు మాట్లాడుతున్నారని. కంప్యూటరు, దుర్గారావు ఫోను, బొబ్బిలి, ఇవన్నీ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను? "దీదీ ఆయీ హై" అన్నాను. ఆమె చేతులు కడుక్కుని వెళ్ళి, టీ గిన్నెలో ఇంకో గ్లాసుడు నీళ్ళు పోసింది.

ఆమెతో అన్నదే తెలుగులో రాస్తున్నాను. అక్క వచ్చింది. ఆ క్రియ మనిషికో పెట్టెకో నువ్వే దిద్ది పంపు.

నీ తమ్ముడు,
చినబాబు